సర్వీసులో పాడైన గీజరు: వినియోగదారుని హక్కు, దానిని రుజువు చేసే విధానం

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:
- గీజరు సర్వీసులో ఏ దశలో, ఏ కారణం చేత నష్టం జరగవచ్చునో వివరించగలుగుతారు.
- 'సర్వీసు తరువాత పాడైంది', 'సర్వీసు వల్ల పాడైంది' అనే రెండు మాటల మధ్య తేడాను గుర్తించగలుగుతారు.
- ఈ విషయంలో వినియోగదారుల రక్షణ చట్టం, 2019, భారత ఒప్పందాల చట్టం, 1872 ఏమి చెబుతున్నాయో తెలుసుకుంటారు.
- సర్వీసు కేంద్రానికి నోటీసు రాయగలుగుతారు. జిల్లా కమిషన్‌కు ఫిర్యాదు సిద్ధం చేసుకోగలుగుతారు.

1. ప్రవేశిక

ఉత్తరాంధ్ర ఇళ్లలో ఒకప్పుడు వేన్నీళ్లంటే పెరట్లో పొయ్యి మీద కాగు. కొంచెం కలిగిన ఇళ్లలో నడిమి గొట్టంలో బొగ్గులు వేసే రాగి బాయిలరు ఉండేది. కాగుకు చిల్లి పడితే మాటు వేయించేవారు. ఆ మాటు నాలుగు రోజుల్లో ఊడిపోతే, వేసిన మనిషిని మళ్లీ పిలిచి అడిగేవారు. అతను ఆ ఊరివాడో పక్క ఊరివాడో. తన పనికి తానే జవాబుదారీ.

ఇప్పుడు శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల్లోనే కాదు, మండల కేంద్రాల్లో కూడా గీజర్లు వచ్చాయి. తయారు చేసేది ఒక కంపెనీ, అమ్మేది ఒక దుకాణం, సర్వీసు చేసేది ఇంకొక కేంద్రం. ఇంటికి వచ్చేది ఆ కేంద్రం పంపిన టెక్నీషియను. పని చెడినప్పుడు ఎవరిని అడగాలి? అడిగితే ఏమని అడగాలి? ఆ మాటకు బలం ఎక్కడినుంచి వస్తుంది? సేవాలోపం నిర్వచనాన్ని కిందటి పాఠంలో చదివారు. ఆ నిర్వచనాన్ని ఇంట్లోని ఒక వస్తువుకు అన్వయించి చూడడమే ఈ పాఠం ఉద్దేశం.

ముందుగా ఒక సందేహం తీర్చుకుందాం. ఆవిరిని పుట్టించే బాయిలర్లకు ప్రత్యేక చట్టం ఉంది. 1923 నాటి చట్టం స్థానంలో 2025లో కొత్త బాయిలర్ల చట్టం వచ్చింది. అది ముఖ్యంగా కర్మాగారాలకు సంబంధించినది. నీటిని 100 డిగ్రీల లోపే వేడిచేసే ఇంటి గీజరు దాని పరిధిలోకి రాదు. కాబట్టి మన దారి వినియోగదారుల చట్టం దారే.

2. ఒక సందర్భం

చర్చ కోసం ఒక సందర్భాన్ని ఊహించుకుందాం. విజయనగరం కంటోన్మెంటులో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ఆయన భార్య ఉంటున్నారు. మూడేళ్ల కిందట 9,000 రూపాయలు పెట్టి 15 లీటర్ల గీజరు కొన్నారు. ఆమెకు కీళ్లనొప్పులు. చన్నీళ్లు పడవు. చలి మొదలయ్యేలోగా గీజరును శుభ్రం చేయిద్దామని సర్వీసు కేంద్రానికి ఫోను చేశారు. రుసుము 600 రూపాయలు.

టెక్నీషియను వచ్చి ట్యాంకులోని నీళ్లు దించాడు. కాయిలు బయటికి తీసి, పేరుకున్నది గోకి, మళ్లీ బిగించాడు. ఆ సమయానికి మేడ మీద ట్యాంకులో నీళ్లు అడుగంటాయి. అతనికి ఇంకో ఇంటికి వెళ్లవలసిన తొందర. "పది నిముషాలాగి స్విచ్చు వేసుకోండి మేష్టారూ" అని చెప్పి వెళ్లిపోయాడు. ఆయన అలాగే వేశారు. నీళ్లు వేడెక్కలేదు. సాయంత్రం కుళాయి నీళ్లు వచ్చి మేడ మీద ట్యాంకు నిండాక మళ్లీ స్విచ్చు వేస్తే ఆర్.సి.సి.బి. పడిపోయింది. మర్నాడు చూస్తే గీజరు అడుగునుంచి నీళ్లు కారుతున్నాయి.

ఫోను చేస్తే వచ్చిన జవాబు ఇది: "పాత మిషను కదండీ. కాయిలు ఎప్పుడో ఒకప్పుడు పోయేదే. కొత్తది వెయ్యాలంటే 2,400 అవుతాది."

మేష్టారి మాట: "నువ్వు ముట్టుకోకముందు పనిచేసింది కదయ్యా!"

ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. కాయిళ్లు కాలక్రమాన పాడవడం నిజమే. ఉదయం దాకా ఇది పనిచేసిందన్నదీ నిజమే. అయితే ఈ రెండు మాటల్లో ఏదీ ఒంటరిగా వివాదాన్ని తేల్చదు. తేల్చాలంటే గీజరు లోపల ఏం జరిగిందో తెలియాలి.

3. గీజరు పనిచేసే తీరు

విద్యుత్తుతో పనిచేసే నిల్వ గీజరులో ఒక ట్యాంకు, నీటిని వేడిచేసే కాయిలు, ఉష్ణోగ్రతను అదుపుచేసే థర్మోస్టాటు, వేడి హద్దు మీరితే కరెంటును ఆపే కటౌటు, ఒత్తిడి పెరిగితే నీటిని వదిలే సేఫ్టీ వాల్వు ఉంటాయి. ఉక్కు ట్యాంకుల్లో తుప్పును తన మీదికి తీసుకునే ఆనోడ్ రాడ్ కూడా ఉంటుంది. సాధారణంగా అది మెగ్నీషియంతో చేసినది. ట్యాంకుకు బదులు తాను కరిగిపోవడమే దాని పని. ఇటువంటి గీజర్లకు మన దేశ ప్రమాణం ఐ.ఎస్. 2082.

ఒక చిన్న లెక్క చూడండి. 15 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు వేడిచేయడానికి సుమారు 2,200 కిలోజౌళ్ల శక్తి కావాలి. 2 కిలోవాట్ల కాయిలు ఆ పనిని 18 నిముషాలలో పూర్తిచేస్తుంది. అంత వేడినీ ఎప్పటికప్పుడు లాగేసుకునేది చుట్టూ ఉన్న నీరే. నీరు లేకపోతే ఆ వేడి పోవడానికి చోటు లేదు.

ఇంకొక ముఖ్యమైన విషయం. గోడకు నిలువుగా బిగించే గీజరులో చన్నీళ్లు అడుగునుంచి ప్రవేశిస్తాయి. వేన్నీళ్లు ట్యాంకు పైభాగం నుంచి ఒక గొట్టం గుండా బయటికి వస్తాయి. అందువల్ల ట్యాంకు నిండేదాకా వేన్నీళ్ల కుళాయిలోంచి నీరు రాదు. సర్వీసు అయిన తరువాత వేన్నీళ్ల కుళాయి విప్పి, గాలి చప్పుడు ఆగి ధార నిలకడగా వచ్చిందా అని చూడాలి. వస్తే ట్యాంకు నిండినట్లు. రాకపోతే స్విచ్చు వేయకూడదు. ఈ పరీక్షకు పనిముట్టు అక్కరలేదు, చదువు అక్కరలేదు. పైన చెప్పిన సందర్భంలో జరగనిది ఇదే.

సర్వీసు ఎందుకు అవసరమో కూడా తెలుసుకోవాలి. బోరు నీళ్లు వాడే ఇళ్లలో కాయిలు మీద తెల్లని పొర కడుతుంది. జనం దానిని 'ఉప్పు పట్టింది' అంటారు. నిజానికి అది ముఖ్యంగా కాల్షియం కార్బొనేటు, అంటే సున్నపురాయి జాతి పదార్థం. నీటిలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేటు వేడికి విడిపోయి ఇలా పేరుకుంటుంది. తాగునీటి ప్రమాణం ఐ.ఎస్. 10500 ప్రకారం నీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకుండా ఉండడం మంచిది. వేరే నీటి వనరు లేనప్పుడు 600 దాకా అనుమతి ఉంది. కాఠిన్యం ఎక్కువైన కొద్దీ పొర త్వరగా కడుతుంది. పొర మందమైతే కాయిలు వేడి నీటికి చేరదు, కరెంటు ఎక్కువ ఖర్చవుతుంది, కాయిలు ఆయుష్షు తగ్గుతుంది.

4. నష్టం ఎక్కడ జరుగుతుంది?

సర్వీసు చేసేటప్పుడు జరిగే నష్టాలలో తరచుగా చూడదగినవి ఇవి.

(అ) నీరు లేకుండా వేడిచేయడం: కాయిలు లోపలి తీగకూ బయటి తొడుగుకూ మధ్య మెగ్నీషియం ఆక్సైడు పొడి ఉంటుంది. ఖాళీ ట్యాంకులో కరెంటు ఇస్తే తొడుగు విపరీతంగా వేడెక్కి రంగు మారుతుంది, చీలుతుంది. తరువాత నీళ్లు నిండినప్పుడు తేమ లోపలికి పోతుంది. కరెంటు ఎర్తుకు కారి ఆర్.సి.సి.బి. పడిపోతుంది. థర్మోస్టాటు ఆపదా అనే ప్రశ్న రావచ్చు. ఖాళీ ట్యాంకులో దాని కాడ చుట్టూ ఉండేది గాలి. కాయిలు వేడి దానికి చేరేలోగా నష్టం జరిగిపోవచ్చు.

(ఆ) పాత వాషరునే తిరిగి వాడడం: ఫ్లాంజి కింద ఉండే రబ్బరు వాషరు ఏళ్ల తరబడి నొక్కుకుపోయి బిరుసెక్కుతుంది. ఒకసారి విప్పిన తరువాత దానినే బిగిస్తే నీరు కారే ప్రమాదం ఉంది. బోల్టులను ఒక వైపు ఎక్కువ, ఒక వైపు తక్కువ బిగించినా అంతే.

(ఇ) గట్టిగా కొట్టి గోకడం, ఘాటైన యాసిడ్ వాడడం: పొరతోపాటు కాయిలు తొడుగు, ట్యాంకు లోపలి గాజుపూత దెబ్బతింటాయి. ఈ నష్టం ఆ రోజే బయటపడకపోవచ్చు.

(ఈ) సేఫ్టీ వాల్వును మూసివేయడం: ఇది అన్నిటికంటె ప్రమాదకరం. నీరు వేడెక్కితే వ్యాకోచిస్తుంది. 25 నుంచి 60 డిగ్రీలకు 15 లీటర్ల నీరు సుమారు 200 మిల్లీలీటర్లు పెరుగుతుంది. ఆ అదనపు నీరు వాల్వు గుండా చుక్కలుగా పడడం చాలా సందర్భాల్లో సహజం. 'కారుతోంది' అని ఫిర్యాదు చేస్తే కొందరు వాల్వుకు బిరడా బిగిస్తారు. అలా చేయనివ్వకూడదు.

(ఉ) ఎర్తు వైరు తిరిగి కలపకపోవడం: గీజరు మామూలుగానే పనిచేస్తుంది. కానీ కాయిలు చీలిన రోజున స్నానం చేసే మనిషికి షాకు కొడుతుంది.

వీటికి ఎదురుగా, సర్వీసు చేసినవారి తప్పు లేని సందర్భాలూ ఉన్నాయి. పొర కింద తొడుగుకు ముందే సన్నని రంధ్రాలు పడి ఉండవచ్చు. పొర ఉన్నంతకాలం అవి మూసుకుపోయి ఉంటాయి. శుభ్రం చేయగానే బయటపడతాయి. ఆనోడ్ రాడ్ పూర్తిగా కరిగిపోయి ట్యాంకుకు అప్పటికే తుప్పు పట్టి ఉండవచ్చు. ఇటువంటప్పుడు పాడైనది సర్వీసు తరువాతే అయినా, సర్వీసు వల్ల కాదు. అయితే కాయిలు బయటికి తీసినప్పుడే ఈ సంగతి టెక్నీషియనుకు కనిపిస్తుంది. బిగించే ముందు ఇంటివారికి చూపించి చెప్పడం అతని బాధ్యత. చెప్పకుండా దాచడం వేరే లోపం అవుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
1. ట్యాంకు నిండినదని ఇంటివారు ఎలా తెలుసుకోవచ్చు?
2. సేఫ్టీ వాల్వు నుంచి చుక్కలు పడడం ఎప్పుడు సహజం?

5. 'తరువాత' నుంచి 'వల్ల' దాకా

మన తర్కశాస్త్రంలో కాకతాళీయ న్యాయం అని ఒకటుంది. తాటిచెట్టు మీద కాకి వాలింది, అదే క్షణంలో పండు రాలింది. కాకి వాలడం వల్ల పండు రాలిందనడానికి ఆ రెండూ వెంటవెంటనే జరగడం చాలదు. పండు అప్పటికే ముగ్గి ఉండవచ్చు.

సర్వీసు కేంద్రం వాదన ఎప్పుడూ ఇదే: పండు ముగ్గింది, మేము కాకి మాత్రమే. ఈ వాదనను ఎదుర్కోవాలంటే మూడు విషయాలు చూపాలి. ఒకటి, సర్వీసుకు ముందు వస్తువు ఏ స్థితిలో ఉంది. రెండు, సర్వీసులో చేయవలసినది చేయలేదు, లేదా చేయకూడనిది చేశారు. మూడు, ఆ తప్పుకు ఈ నష్టం సహజమైన ఫలితం. మూడూ కలిస్తేనే 'తరువాత' అన్నది 'వల్ల' అవుతుంది.

రుజువు చేసే భారం మొదట ఎవరిది? ఫిర్యాది చేసినవారిదే. సేవాలోపాన్ని ఫిర్యాదే రుజువు చేయాలని సుప్రీంకోర్టు రవ్‌నీత్ సింగ్ బగ్గా కేసులోను, 2021లో ఎస్.జి.ఎస్. ఇండియా, డాల్ఫిన్ ఇంటర్నేషనల్ సంస్థల మధ్య కేసులోను స్పష్టం చేసింది. కనుక కమిషన్ ముందు 'ముట్టుకోకముందు పనిచేసింది కదా' అనే మాట ఒక్కటే నిలవదు.

మేష్టారి సందర్భానికి ఈ మూడు మెట్లను అన్వయిద్దాం. ఆ ఉదయం ఆమె వేన్నీళ్లతో స్నానం చేశారు, పొరుగింటివారు చూశారు. ఇది మొదటి మెట్టు. మేడ మీద ట్యాంకులో నీళ్లు లేవు, వేన్నీళ్ల కుళాయి విప్పి చూడలేదు, టెక్నీషియను తన చేత్తో స్విచ్చు వేసి చూపించలేదు. ఇది రెండవ మెట్టు. ఇంకొక టెక్నీషియను విప్పి చూస్తే కాయిలు మీద పొర లేదు, తొడుగు రంగు మారి చీలి ఉంది. ఫ్లాంజి కింద పాత వాషరే ఉంది. పొర వల్ల కాలిపోయిన కాయిలు మీద మందమైన పొర కనిపిస్తుంది. శుభ్రంగా ఉన్న కాయిలు రంగు మారి చీలిందంటే నీరు లేకుండా వేడెక్కిందని బలమైన సూచన. ఇది మూడవ మెట్టు. ఇప్పుడు ఆయన వాదనకు బలం వచ్చింది.

స్విచ్చు వేసింది మేష్టారే కదా అని సర్వీసు కేంద్రం అనవచ్చు. ఆయన వేసింది టెక్నీషియను చెప్పిన ప్రకారమే. నిపుణుని మాటను నమ్మి నడుచుకున్న వినియోగదారుని మీద ఆ తప్పు మోపడం కష్టం.

6. చట్టం చెప్పేది

6.1 ఒప్పందాల చట్టం, 1872: గీజరును ఊడదీసి షాపుకు తీసుకువెళితే, 148వ సెక్షను ప్రకారం అది బెయిల్‌మెంటు, అంటే ఒక పని నిమిత్తం వస్తువును అప్పగించడం. తీసుకున్నవారు తమ సొంత వస్తువు విషయంలో సామాన్య వివేకం గల మనిషి ఎంత జాగ్రత్త తీసుకుంటాడో అంత జాగ్రత్త తీసుకోవాలని 151వ సెక్షను చెబుతుంది. అంత జాగ్రత్త తీసుకున్నా నష్టం జరిగితే, ప్రత్యేక ఒప్పందం లేనప్పుడు, వారికి బాధ్యత లేదని 152వ సెక్షను చెబుతుంది. చేసిన పనికి న్యాయంగా రావలసిన డబ్బు ఇచ్చేదాకా వస్తువును తమవద్ద ఉంచుకునే హక్కు 170వ సెక్షను కింద వారికి ఉంది. గీజరు గోడమీదే ఉండగా సర్వీసు చేస్తే అది బెయిల్‌మెంటు కాదు. అప్పుడు సర్వీసు ఒప్పందం, నిర్లక్ష్యం అనే అంశాల మీద ఆధారపడాలి. ఒప్పందభంగానికి పరిహారం 73వ సెక్షనులో ఉంది.

6.2 వినియోగదారుల రక్షణ చట్టం, 2019: ఇది 2020 జూలైలో అమలులోకి వచ్చింది. 2(11) సెక్షను ప్రకారం పని నాణ్యతలో, స్వభావంలో, చేసిన తీరులో లోపం ఉంటే అది సేవాలోపం. నష్టం కలిగించిన నిర్లక్ష్యం, కావాలని సమాచారం దాచడం కూడా ఇందులోకి వస్తాయి. గీజరుకు జరిగిన నష్టానికి ఇదే మన ముఖ్యమైన ఆధారం.

కొత్త చట్టంలో ఉత్పత్తి బాధ్యత అనే అధ్యాయం చేరింది. వస్తువుకు సర్వీసు చేసేవారి బాధ్యత 85వ సెక్షనులో ఉంది. ఇక్కడ విద్యార్థులు తరచుగా పొరబడతారు. 2(22) సెక్షనులో ఇచ్చిన 'హాని' నిర్వచనంలోకి మనిషికి తగిలిన గాయం, ఇతర ఆస్తికి జరిగిన నష్టం వస్తాయి. ఆ వస్తువుకే జరిగిన నష్టం రాదు. షాకు కొట్టి గాయమైతే, పక్కనున్న వాషింగ్ మిషను తడిసి పాడైతే 85వ సెక్షనును ఆశ్రయించాలి. గీజరే పాడైతే సేవాలోపం కింద అడగాలి. రెండూ జరిగితే ఒకే ఫిర్యాదులో రెండూ పేర్కొనవచ్చు.

6.3 'ఉచిత సర్వీసు' సంగతి: పూర్తిగా ఉచితంగా చేసిన సేవ, వ్యక్తిగత సేవా ఒప్పందం 2(42) సెక్షను నిర్వచనంలోకి రావు. అయితే గ్యారంటీ కాలంలో ఇచ్చే ఉచిత సర్వీసు ఖరీదు మనం చెల్లించిన ధరలో కలిసే ఉంటుందని వాదించవచ్చు. వ్యక్తిగత సేవా ఒప్పందమంటే యజమాని చెప్పినట్లు పనిచేసే నౌకరీ. గీజరు బాగుచేసే మెకానిక్ తన నైపుణ్యంతో స్వతంత్రంగా పనిచేస్తాడు. ఈ రెండింటికీ ఉన్న తేడాను సుప్రీంకోర్టు 1995లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్, వి.పి. శాంత కేసులో వివరించింది.

6.4 ఎవరి మీద ఫిర్యాదు?: ఉద్యోగి పనిలో చేసిన తప్పుకు యజమాని బాధ్యుడు. కాబట్టి సర్వీసు కేంద్రాన్ని ఎదుటి పక్షంగా చేర్చాలి. అది కంపెనీ అధీకృత కేంద్రమైతే కంపెనీని కూడా చేర్చడం మంచిది. మొబైలు యాప్ ద్వారా పిలిపిస్తే బిల్లు ఎవరి పేరున ఉందో చూడాలి.

7. మొదటి రోజు చేయవలసిన పనులు

ముందు ప్రాణం, తరువాత సాక్ష్యం. మెయిన్ దగ్గర గీజరు స్విచ్చు ఆపండి. చన్నీళ్లు వచ్చే వాల్వు కట్టేయండి. పడిపోయిన ఆర్.సి.సి.బి.ని పదేపదే ఎత్తి చూడకండి.

తరువాత ఈ వరుసలో చేయండి:
- గీజరు, నీరు కారే చోటు, తడిసిన గోడ, రేటింగు పట్టీ, సీరియల్ నంబరు ఫోటోలు తీయండి. తేదీ, సమయం కనిపించేలా వీడియో కూడా తీయండి.
- బిల్లు, జాబ్ కార్డు, డబ్బు చెల్లించిన రుజువు ఒకచోట పెట్టండి. బిల్లు ఇవ్వకపోతే లిఖితపూర్వకంగా అడగండి. బిల్లు నిరాకరించడాన్ని 2(47) సెక్షను అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది.
- అదే రోజు సర్వీసు కేంద్రానికి ఫోను చేసి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. చెప్పిన విషయాన్నే వాట్సాప్‌లోనో ఈమెయిలులోనో మళ్లీ రాయండి. ఫోనులో అన్న మాట మిగలదు, రాసిన మాట మిగులుతుంది.
- వేరొకరి చేత విప్పించే ముందు వారికి చూసుకునే అవకాశం ఇవ్వండి. రెండు మూడు రోజుల గడువు చాలు. అవకాశం ఇవ్వకుండా విప్పితే 'మీరే పాడుచేశారు' అంటారు.
- వారు రాకపోతే అర్హత ఉన్న మరో టెక్నీషియను చేత వీడియో తీస్తూ విప్పించి, కనిపించినది కాగితం మీద రాయించి సంతకం తీసుకోండి.
- పాడైన కాయిలు, పాత వాషరు పారేయకండి. ఇవే అసలైన సాక్షులు.
- నష్టం పెరగకుండా చూడండి. కారే నీటిని వారం రోజులు అలాగే వదిలేసి, గోడ మొత్తం పాడైందని అడిగితే పరిహారం తగ్గవచ్చు. నష్టాన్ని తగ్గించుకునే వీలుందా అన్నది కూడా చూడాలని 73వ సెక్షను వివరణ చెబుతుంది.

8. నోటీసు

ఫిర్యాదుకు ముందు నోటీసు ఇవ్వడం మంచి పద్ధతి. ఇది న్యాయవాది రాయవలసినదేమీ కాదు. కోపం చూపకుండా, జరిగినది జరిగిన వరుసలో రాయాలి. నమూనా చూడండి:

"అయ్యా, మీ కేంద్రం తరఫున ఫలానా తేదీన మా ఇంటికి వచ్చిన టెక్నీషియను మా 15 లీటర్ల గీజరుకు సర్వీసు చేసి 600 రూపాయలు తీసుకున్నారు. బిల్లు నకలు జతచేశాను. ఆ ఉదయం దాకా గీజరు పనిచేసింది. ట్యాంకు నిండినదీ లేనిదీ చూడకుండా, స్విచ్చు వేసి పరీక్షించకుండా వెళ్లారు. ఆయన చెప్పినట్లే పది నిముషాల తరువాత స్విచ్చు వేశాము. అప్పటినుంచి గీజరు పనిచేయడం లేదు, అడుగున నీరు కారుతోంది. ఫోటోలు జతచేశాను. ఈ నోటీసు అందిన 15 రోజులలోగా మీ ఖర్చుతో కాయిలు, వాషరు మార్చి, మా ముందు పరీక్షించి ఇవ్వగలరు. లేదా మరమ్మతు ఖర్చు, సర్వీసు రుసుము చెల్లించగలరు. లేనిపక్షంలో జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవలసి వస్తుంది."

స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. ఈలోగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. చాలా వివాదాలు ఈ దశలోనే ముగియడం ఇద్దరికీ మేలు. స్వతంత్రంగా పనిచేసుకునే చిన్న మెకానిక్ అయితే, తప్పు ఒప్పుకుని సరిచేస్తానంటే అవకాశం ఇవ్వడం ధర్మం. చట్టం కోరేది నష్టం భర్తీ కావడం, మనిషి పొట్ట కొట్టడం కాదు.

9. జిల్లా కమిషన్

శ్రీకాకుళంలోను, విజయనగరంలోను జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్లు ఉన్నాయి. చెల్లించిన ప్రతిఫలం 50 లక్షల రూపాయలు మించని వివాదాలు జిల్లా కమిషన్ పరిధిలోకి వస్తాయి. ప్రతిఫలం 5 లక్షల దాకా ఉంటే ఫిర్యాదుకు రుసుము లేదు. ఇక్కడ చూసేది మీరు అడిగే పరిహారం కాదు, మీరు చెల్లించిన మొత్తం.

34వ సెక్షను ప్రకారం ఫిర్యాది తాను నివసించే చోటనే ఫిర్యాదు చేయవచ్చు. కంపెనీ ప్రధాన కార్యాలయం ముంబయిలో ఉన్నా, హైదరాబాదులో ఉన్నా మీ జిల్లా కమిషన్‌కే వెళ్లవచ్చు. ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళానికి వంద కిలోమీటర్లకు పైగా దూరం. అటువంటివారికి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు దాఖలు చేసే వీలు, అనుమతిస్తే వీడియో ద్వారా హాజరయ్యే వీలు ఉపయోగపడతాయి.

గుర్తుంచుకోవలసిన గడువులు:
- వివాద కారణం పుట్టిన నాటినుంచి 2 సంవత్సరాలలోగా ఫిర్యాదు చేయాలి (69వ సెక్షను).
- ఎదుటి పక్షం 30 రోజులలో జవాబు ఇవ్వాలి. కమిషన్ మరో 15 రోజులు మాత్రమే పొడిగించగలదు. ఈ 45 రోజుల హద్దును దాటరాదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020 మార్చిలో తేల్చింది.
- వీలైనంతవరకు 3 నెలల్లో, ప్రయోగశాల పరీక్ష అవసరమైతే 5 నెలల్లో తేల్చాలని చట్టం చెబుతుంది. ఆచరణలో ఇంతకంటె ఎక్కువ పట్టవచ్చు.
- తీర్పు మీద రాష్ట్ర కమిషన్‌కు 45 రోజులలోగా అప్పీలు చేయవచ్చు.

రాజీకి అవకాశం ఉంటే కమిషన్ 37వ సెక్షను కింద మధ్యవర్తిత్వానికి పంపుతుంది. విచారణ ముఖ్యంగా అఫిడవిట్లు, పత్రాల మీదనే సాగుతుంది. న్యాయవాది లేకుండా స్వయంగా వాదించుకోవచ్చు. మహిళలు, ఎస్సీ, ఎస్టీ వర్గాలవారు, వికలాంగులు, తక్కువ ఆదాయం ఉన్నవారు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఉచిత న్యాయసహాయం పొందవచ్చు. ఫోను నంబరు 15100.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
1. గీజరుకు జరిగిన నష్టానికి 85వ సెక్షను ఎందుకు సరిపోదు?
2. ఫిర్యాది ఏ జిల్లా కమిషన్‌ను ఆశ్రయించవచ్చు?

10. ఎంత అడగాలి?

అడిగే మొత్తానికి లెక్క ఉండాలి. మేష్టారి గీజరు ఖరీదు 9,000 రూపాయలు. దాని ఆయుష్షు 9 సంవత్సరాలు అనుకుంటే, 3 సంవత్సరాలు వాడిన తరువాత మిగిలిన విలువ 6,000. మరమ్మతు ఖర్చు 2,400. మరమ్మతు ఖర్చు మిగిలిన విలువకంటె తక్కువ కాబట్టి అదే న్యాయమైన కొలత. ట్యాంకే పగిలి బాగుకాని స్థితిలో ఉంటే 6,000 అడగవచ్చు. మూడేళ్లు వాడిన దానికి కొత్త గీజరు ధర మొత్తం అడగడం నిలవదు.

దీనికి ఫలితం దక్కని సర్వీసు రుసుము 600, రెండవ టెక్నీషియను తనిఖీకి 300 కలిపితే 3,300 రూపాయలు. కేంద్రమే తన ఖర్చుతో బాగుచేసి సర్వీసు పూర్తిచేస్తే 600 తిరిగి అడగడం సబబు కాదు. మనోవేదనకు, తిప్పినందుకు విడిగా పరిహారం అడగవచ్చు. అటువంటి పరిహారం ఇచ్చే అధికారం వినియోగదారుల వేదికలకు ఉందని 1993లో సుప్రీంకోర్టు లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ, ఎం.కె. గుప్తా కేసులో చెప్పింది. కీళ్లనొప్పులున్న మనిషి చలికాలంలో పొయ్యి మీద నీళ్లు కాచుకుని మోసుకోవలసి రావడం ఇక్కడ చెప్పదగిన విషయమే. కాని లక్ష రూపాయలు అడిగితే మిగిలిన లెక్క మీద కూడా నమ్మకం పోతుంది.

3,300 రూపాయల కోసం ఇంత శ్రమ అవసరమా అని మీరు అడగవచ్చు. అడగదగిన ప్రశ్నే. పింఛను మీద బతికే ఇంట్లో అది చిన్న మొత్తం కాదు. అంతకంటె ముఖ్యమైనది ఇంకొకటి. ట్యాంకు నిండినదో లేదో చూడకుండా వెళ్లిన మనిషి, రేపు ఇంకో ఇంట్లో ఎర్తు వైరు కలపకుండా వెళ్లవచ్చు. రాతలో పెట్టిన ఒక ఫిర్యాదు ఆ ఇంటిని కూడా కాపాడవచ్చు.

11. సారాంశం

సర్వీసు తరువాత గీజరు పాడవడం సేవాలోపానికి సూచన మాత్రమే, రుజువు కాదు. ముందున్న స్థితి, చేసిన తప్పు, ఆ తప్పుకు నష్టంతో ఉన్న సంబంధం అనే మూడింటిని చూపాలి. గీజరుకు జరిగిన నష్టానికి సేవాలోపం కింద, మనిషికి లేదా ఇతర ఆస్తికి జరిగిన హానికి 85వ సెక్షను కింద అడగాలి. కరెంటు ఆపడం, ఫోటోలు తీయడం, లిఖితపూర్వకంగా తెలపడం, పాడైన భాగాలు దాచడం మొదటి రోజు పనులు. నోటీసుతో తేలకపోతే సొంత జిల్లా కమిషన్‌ను 2 సంవత్సరాలలోగా ఆశ్రయించవచ్చు. అన్నిటికంటె సులువైన జాగ్రత్త ఒకటుంది. టెక్నీషియను గుమ్మం దాటకముందే వేన్నీళ్ల కుళాయి విప్పించి, అతని చేతనే స్విచ్చు వేయించి, నీళ్లు వేడెక్కేదాకా ఉండమనండి. అందుకు పట్టేది 18 నిముషాలే.

12. కీలక పదాలు

సేవాలోపం: సేవ నాణ్యతలో గాని, చేసిన తీరులో గాని ఉన్న కొరత.
ప్రతిఫలం: వస్తువు లేదా సేవ కోసం చెల్లించిన మొత్తం.
బెయిల్‌మెంటు: ఒక పని నిమిత్తం వస్తువును మరొకరికి అప్పగించడం, పని ముగిసిన తరువాత దానిని తిరిగి ఇవ్వాలి.
ఆనోడ్ రాడ్: ట్యాంకుకు బదులు తాను కరిగి తుప్పును ఆపే లోహపు కడ్డీ.

13. నమూనా పరీక్ష ప్రశ్నలు

1. 'తరువాత', 'వల్ల' అనే మాటల తేడాను కాకతాళీయ న్యాయం ఆధారంగా, సేవాలోపానికి అన్వయించి వివరించండి.
2. గీజరును షాపుకు తీసుకువెళ్లినప్పుడు, ఇంట్లోనే సర్వీసు చేసినప్పుడు బాధ్యత ఎలా మారుతుంది?
3. మీ ఇంట్లో సర్వీసు చేయించిన ఏదైనా ఒక పరికరాన్ని తీసుకుని, అది ఆ సమయంలో పాడైందనుకుని, సర్వీసు కేంద్రానికి ఒక నోటీసు రాయండి.